దీపం లేని గడి

వర్ధన్నపేట దాటి ఖమ్మం రోడ్డు మీద కొంతదూరం పోయినంక ఎడమచేతి దిక్కు ఒక బండిబాట దిగుతది. పొద్దుగూకినంక ఆ బాట మీద ఎవ్వరూ పోరు.

పోరంటే పోరు. కేసముద్రం మార్కెట్‌కు వడ్లబస్తాలు వేసుకపోయే బండ్లోళ్ళు సుత, రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ళు, చుట్టయినా సరే, రోడ్డు వెంబడే పోతరు గని ఆ బాట తొక్కరు. ఎందుకంటే ఆ బాట ఇప్పలకుంట మీదుంగ పోతది.

ఇప్పలకుంట ఒక ఊరు. కానీ ఊర్ల మనిషి లేడు... పందొమ్మిదివందల పద్దెనిమిది ప్రాంతంల గత్తరొచ్చింది. కలరాను మా దిక్కు గత్తరంటరు. ముప్పై ఇండ్ల ఊరు ఎనిమిది రోజుల్ల ఖాళీ అయింది. గోడలు మిగిలినయ్. నిజాం కాలం నక్షల్ల ఆ ఊరి పేరు కింద ఒక్కటే మాట రాసి ఉంటది — బేచిరాగ్. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ అంటే దీపం లేనిది. మనుషులు లేని ఊరిని సర్కారోళ్ళు అట్ల రాసేటోళ్ళు.

ఆ దీపం లేని ఊర్లనే... రాత్రిపూట ఒక దీపం తిరుగుతదని చెప్పుకునేటోళ్ళు.

ఒక ఇంటి ముంగట ఆగుతదట. మల్ల ఇంకో ఇంటి ముంగటికి పోతదట. ఇల్లిల్లూ తిరుగుతదట — ఎవరినో దేవులాడుతున్నట్టు.

ఈ సంగతి నాకు మా బావ మల్లికార్జున్ చెప్పిండు. హన్మకొండ చౌరస్తల ఆయనకు బట్టల దుకాణం. మీటరు గుడ్డల ఇంచు తక్కువ కొయ్యని మనిషి. దెయ్యమంటే పకపక నవ్వేటోడు. పందొమ్మిదివందల ఎనభై మూడు తర్వాత నవ్వుడు బందువెట్టిండు. ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్తాన.

అప్పుడు బావకు ఇరవై నాలుగేండ్లు. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ల ఉండే ఒక బొంబాయి పిలగాడు దుకాణానికి వచ్చిపోయేటోడు. చదువు అయిపోయి ఊరికి పోతపోత బావకు ఒక జిరాక్స్ కాగితాల కట్ట ఇచ్చిపోయిండు. అది ఒక ఆట పుస్తకం. ఆ ఆటకు బోర్డు ఉండది. గెలుసుడు, ఓడుడు సుత ఉండది. ఒకడు కథ నడిపిస్తడు, మిగిలినోళ్ళు ఆ కథల మనుషులయితరు. ‘నేను కోట తలుపు కొడుతాన’ అని ఒకడంటే, తలుపు తీసింది ఎవరో కథ నడిపేటోడు చెప్పాలె. కొట్లాట వస్తే పాచికలు వెయ్యాలె. ఆ పుస్తకం అడిగే ఇరవై మొఖాల పాచిక వరంగల్‌ల ఏడ దొరుకుతది? సీసల ఇరవై చిట్టీలు వేసి, ఊపి, ఒకటి తీసేటోళ్ళు.

ఆడేది ముగ్గురే. మా బావ ఒకడు. కొత్తవాడల జంపఖానలు నేసే ఎల్లస్వామి ఒకడు. మూడోవాడు వెంకట్రాజం. ప్రతి ఆదివారం ఎల్లస్వామి ఇంటి మీద అర్రల కూసునేటోళ్ళు. కింద మగ్గం చప్పుడు, మీద వీళ్ళ లొల్లి.

వెంకట్రాజం ఒక సర్కారు ఆఫీసుల ట్రేసర్. దినమంత పాత నక్షల మీద పల్చని కాగితం పెట్టి, చెరువులు, కాల్వలు, హద్దులు ఎత్తి గీసే కొలువు. సన్నగ, పొడుగ్గ, తక్కువ మాట్లాడే మనిషి. కథ నడిపేది ఆయననే.

“ఇంగ్లీషోళ్ళ కోటలు మనకెందుకురా? ఓరుగల్లు లేదా?” అన్నడట మొదటిరోజే.

అట్ల మొదలైంది ఆ నక్ష.

ఆ ఆటకు నక్ష మామూలుగ గియ్యరు. కాగితం నిండ ఆరు పక్కల గడులు ఉంటయ్ — తేనెపట్టును కోసి పరిచినట్టు. ఒక గడి నుంచి ఎటు పోయినా పక్క గడి అంతే దూరముంటది, అందుకని ఆరు పక్కలు. ఒక్కో గడి రెండు కోసులు. కథల మనుషులు ఒక గడి దాటాలంటే ఒక జాము పడుతది. గడిల అడివి ఉంటే ఇంకింత ఆలస్యం. చెరువు ఉంటే చుట్టు తిరగాలె. ఊరు ఉంటే అన్నం దొరుకుతది.

వెంకట్రాజం ఓరుగల్లు రాజ్యాన్ని ఏడువందల ఏండ్ల కింద ఎట్లుండెనో అట్ల గియ్యాలని కూసున్నడు. నూట పన్నెండు గడులు. ఉత్తగ ఊహించి కాదు. పాత నక్షలు చూసేటోడు, రాతి శాసనాలు చదివినోళ్ళను అడిగేటోడు. అయినా నమ్మకం కుదరకపోతే బస్సెక్కి పోయి ఆ జాగ కండ్లతోని చూసి వచ్చేటోడు. చెరువుకట్ట ఎంత పాతదో తూము రాయి చూస్తే తెలుస్తదట. తూము పాతదైతే చెరువు పాతది. చెరువు పాతదైతే ఊరు పాతది. అప్పుడే గడిల ఊరు గీసేటోడు.

రెండేండ్లకు నూట పదకొండు గడులు నిండినయ్. ఒక్కటి తెల్లగ మిగిలింది.

ఇప్పలకుంట గడి.

“అరే రాజం, ఏదో ఒక అడివి గీసి పారెయ్యి,” అన్నడు బావ. “వచ్చే ఆదివారం మా దండు ఆ గడి మీదికెల్లే పోవాలె.”

వెంకట్రాజం తల అడ్డంగ ఊపిండు. “ఒక్క గడిల అబద్ధం రాస్తే... మిగిలిన గడులు నిజమని నేనే నమ్మను, మల్లికార్జున్.”

“ఆ ఊరి సంగతి ఎరుకనే గదా?” అన్నడు ఎల్లస్వామి మెల్లగ.

“తూము రాయి చూసి, నాలుగు గోడలు కొలిచి వస్త. అంతే.”

శనివారం ఆఫీసు ఒంటిపూట. పుస్తకం, పెన్సిల్, చేతిల పట్టే చిన్న దిక్సూచి సంచిల వేసుకొని బయలుదేరిండు. పోచమ్మమైదానం కాడ బస్సు దొరకక నిలబడి నిలబడి, వర్ధన్నపేటల దిగేసరికి నాలుగు దాటింది. జనవరి నెల. పొద్దు తొందరగ గూకుతది.

అక్కడ యాకయ్య అని కిరాయి సైకిళ్ళ దుకాణం ఆయన ఉండె. సైకిల్ గాలి చూస్త చూస్త అడిగిండు — “ఎటు పోతానవ్ సార్?”

“ఇప్పలకుంట.”

యాకయ్య చెయ్యి ఆగింది. లేచి నిలబడ్డడు.

“నా సైకిల్ చీకటిపడక ముందు నా దుకాణంల ఉండాలె,” అన్నడు. “జర యాదికి పెట్టుకో సార్. సైకిల్ గురించి చెప్తలేను.”

వెంకట్రాజం చేరేసరికి ఊరు ఎండల పండుకొని ఉన్నట్టు ఉన్నదట. మోకాలెత్తు మట్టిగోడలు. గోడల నడుమ తుమ్మచెట్లు. ఊరి నడిమిట్ల గట్టు కూలిన బాయి — నోరు తెరుసుకొని. పిట్ట కూత లేదు.

ముందుగల చెరువుకట్ట కాడికి పోయిండు. తూము రాయి దొరికింది. మీద చెక్కిన తామరపువ్వు, పక్కన హంస. పాతదే! ఆయన గుండె ఎగిరింది. గడి నిండింది. ఇగ వెనకకు రావచ్చు...

రాలే.

ఇంత దూరం వచ్చినం గదా, ఇండ్లు సుత గీద్దామనుకున్నడు. అడుగులు లెక్కపెట్టుకుంట, దిక్సూచి చూసుకుంట, ఒక్కో గోడ పుస్తకంల ఎక్కిస్తాండు. పది ఇండ్లు. పదిహేను. పని మీద పడితే ఆయనకు పొద్దు తెల్వది. కాగితం మీద గీత కనపడకుంటయినంక తల ఎత్తి చూసిండు.

చీకటైంది.

గాలి లేసింది. పుస్తకంల కాగితాలు పటపట కొట్టుకుంటానయ్. వాటిని బొటనవేలితోని అదిమిపట్టి సైకిల్ ఎటున్నదా అని చూస్తాండు...

తూర్పు దిక్కు గోడల నడుమ ఒక దీపం.

చిన్న దీపం. మట్టి దీపంత. నడుము ఎత్తుల మెల్లగ వస్తాంది. ఒక గోడ కాడ ఆగింది. మల్ల నడిచింది. ఇంకో గోడ కాడ ఆగింది.

వెంకట్రాజం భయపడలేదట. అది ఆయననే చెప్పిండు. ఎవరో మేకలు తప్పిపోయినామె దేవులాడుకుంటాందని అనుకున్నడు. దగ్గరికొచ్చినంక చూస్తే ఆడమనిషే. కొంగు మొఖం మీదికి దించుకున్నది. దీపం పట్టుకున్న చెయ్యి ఒక్కటే కనపడుతాంది. పడుచు చెయ్యి.

“ఏం రాస్తానవ్ అన్నా?”

గొంతు బాగ చిన్నగున్నది... మాట్లాడి శానరోజులైనట్టు.

“ఇండ్లమ్మా. ఊరి నక్ష గీస్తాన.”

ఆమె దీపం పుస్తకం దిక్కు జరిపింది.

“పేర్లు రాసినవా?”

“పేర్లు తెల్వయి గదా.”

“నేను చెప్త,” అన్నది. “రా.”

ముంగట ఆమె, వెనక ఈయన. దీపం వెలుగుల పుస్తకం పట్టుకొని పోయిండు.

“ఇది సారయ్యది. సాలోళ్ళు. ఇగో మగ్గం గుంట.” వంగి చూస్తే నిజంగనే గుంట ఉన్నది. రాసుకున్నడు.

“ఇది ముసలి కట్టమ్మది. ఒక్కతే ఉండేది.”

రాసుకున్నడు.

“ఆగు... అటు అడుగు పెట్టకు. బాయి ఉన్నది.” ఆగిండు. అడుగు దూరంల బాయి నల్లగ.

ఇల్లు వెంబడి ఇల్లు. ఆమె ఎక్కడా తడుముకోలే. గుమ్మం ఎటుండెనో, గాదె ఎక్కడుండెనో, బర్రెను ఏ మూలకు కట్టేసేటోళ్ళో... అన్నీ చెప్పుతాంది. వెంకట్రాజం సంబురంగ రాస్తాండు. రెండేండ్ల నుంచి రాళ్ళను అడిగి, కాగితాలను అడిగి గీసిన మనిషి. చెప్పేటోళ్ళు దొరికితే విడుస్తడా?

“కట్టమ్మ ముందుగల పోయింది,” అన్నది ఆమె. “మంగళారం. బుధారం నాడు సారయ్య, సారయ్య భార్య. ఈ ఇంట్ల ఏడుగురు... ఒక్కదినంలనే. ఎత్తేటోళ్ళు లేకపోయిరి.”

పెన్సిల్ ఆగింది.

“రాయి అన్నా. ఆపకు.”

అప్పుడు చూసిండట. గాలి కొడుతాంది. పుస్తకం ఎగురుతాంది. ఆమె కొంగు ఎగురుతాంది... దీపం మాత్రం కదులుతలేదు. దేవుని అర్రల పెట్టినట్టు నిలువుగ నిలబడి వెలుగుతాంది.

కానీ చెయ్యి రాస్తనే ఉన్నది. ‘ఆపుదామంటే భయమైంది మల్లికార్జున్, రాసుడు ఆపితే ఆమె నా దిక్కు తిరుగుతదేమోనని’ — తర్వాత బావతోని అన్నడు.

ఊరి చివరి ఇంటి కాడ ఆమె ఆగింది.

“ఇది మాది.”

రెండు గోడలు, ఒక గడప రాయి. అంతే మిగిలింది.

“కొమురెల్లి — మా ఇంటాయన. మా అత్త. ఇద్దరు పిలగాండ్లు. నేను. రాసినవా?”

“రా... రాసిన.”

“పిల్ల పేరు కింద రాయి. ఎడంగ రాయి. చిలుకమ్మ.”

“ఎడంగ ఎందుకమ్మా?”

“అది పోలే.”

గొంతు అక్కడ మారింది.

“మూడేండ్లది. దానికింక అంటలే. బండ్ల తొవ్వ మీద కూసుండబెట్టి వచ్చిన. కేసముద్రం పోయే బండ్లు వస్తయ్ గదా, ఎవరన్న ఎత్తుకుంటరు గదా అని... నన్ను చూస్తే బండి ఆపరు. అందుకని వెనకకు వచ్చిన. ఇంట్ల వాళ్ళు నీళ్ళు నీళ్ళు అంటాన్రు. పొయ్యాలె గదా...”

గాలి ఆగింది.

“ఎత్తుకున్నరా అన్నా?”

వెంకట్రాజం పుస్తకం రొమ్ముకు అదుముకొని ఒక అడుగు వెనకకేసిండు.

“ఎత్తుకున్నరా?”

దీపం ఆయన మొఖం దిక్కు లేసింది. వెలుగుల ఆ చెయ్యి కనపడ్డది, మెడ కనపడ్డది, కొంగు మెల్లగ జారుతాంది—

ఉరికిండు. సైకిల్ యాదికి లేదు, బాట యాదికి లేదు. తుమ్మముండ్లు కాళ్ళను చీల్చినయ్. వెనక నుంచి ఎవ్వరూ తరుముతలేరట. అదే ఇంకింత భయం. ఒక్క మాట మాత్రం వెనకనే వచ్చింది, రోడ్డెక్కే దాక... “ఎత్తుకున్నరా?”

రోడ్డు మీద లారీ వాళ్ళు చూసి వరంగల్‌ల దించిపోయిన్రు. పుస్తకం చేతులనే ఉన్నది. వేళ్ళు విప్పి తీయాల్సి వచ్చిందట.

ఆదివారం ఆట లేదు. నాలుగు రోజులు జ్వరం. వాళ్ళమ్మ కమల, ఆయనను దవాఖానకు తీసుకపోయి సూదులిప్పించింది, దర్గాకాడ తాయత్తు సుత కట్టించింది. కండ్లు మూసుకుంటే చాలు — “ఎత్తుకున్నరా, ఎత్తుకున్నరా” అని కలవరింత.

బావ, ఎల్లస్వామి మంచం పక్కన కూసొని పుస్తకం తిప్పి చూసిన్రు. గోడల కొలతలు. ముప్పై ఇండ్లు. ఇంటింటికి పేర్లు. రాత వెంకట్రాజందే.

“పక్క ఊరామె ఎవరో ఉంటది,” అన్నడు బావ. “పిచ్చిదేమో. ముసలోళ్ళు చెప్పిన పేర్లు నోటికి పట్టింది. నువ్వు బెదిరినవ్.”

“మరి దీపం?”

“గోడ చాటుకు గాలి తాకదు.”

వెంకట్రాజం ఆయన మొఖంల మొఖం పెట్టి చూసిండు. “సరే. ఆమె పిచ్చిదే అనుకో. కానీ అడిగింది గదా... దానికి జవాబు ఎవరు చెప్పాలె?”

బావ పుస్తకం మూసి తలగడ పక్కన పెట్టిండు.

తర్వాతి ఆదివారం ముగ్గురూ వర్ధన్నపేట బస్సెక్కిన్రు. బావ పోయింది అబద్ధమని తేల్చడానికి. ఎల్లస్వామి పోయింది వీళ్ళకేమైతదోనన్న భయంతోని. వెంకట్రాజం ఎందుకు పోయిండో వెంకట్రాజానికే ఎరుక.

యాకయ్య వీళ్ళను చూసి తిట్టలే. సైకిల్ తెల్లారి తనే పోయి తెచ్చుకున్నడట.

“పానం దక్కింది, చాలు సార్. కూసోండ్రి,” అని బెంచీ చూపించిండు.

ఛాయ తెప్పించిండు. తాగుకుంట వెంకట్రాజం అడిగిండు — “యాకయ్యా, ఈ చుట్టుపక్కల చిలుకమ్మ అని ఎవరన్న ఉన్నరా? అరవై ఐదు, డెబ్బై ఏండ్లుంటయ్.”

“మా వాడలనే ఉన్నది. తొవ్వల చిలుకమ్మ.”

“తొవ్వల... అంటే?”

“తొవ్వల దొరికింది గదా. అందుకని ఆ పేరు. మా తాత గట్టయ్య వడ్లబండి కొట్టుకొని కేసముద్రం పోతాంటే తొవ్వ మీద కూసొని ఏడుస్తాందట. ఎత్తుకొచ్చిండు. ఆ తొవ్వ వెంబడి ఎన్నో ఊర్లు, ఏ ఊరి పిల్లనో ఎవలకు తెల్వలే.”

బావ చేతుల ఛాయ గిలాస బెంచీ మీద పెట్టిండు. పెట్టినప్పుడు చప్పుడైంది.

చిలుకమ్మ ఇంటి ముంగట కూసొని మోదుగాకుల విస్తర్లు కుడుతాంది. బక్కపల్చటి ముసలామె. కండ్లల్ల పూలు పడ్డయ్. మనిషి నీడలెక్కనే కనపడుతడు. వేళ్ళతోని తడిమి ఆకు మీద ఆకు పెట్టి పుల్ల గుచ్చుతాంది.

“ఎవలు బిడ్డా?”

వెంకట్రాజం ఆమె ముంగట నేల మీద కూసున్నడు.

“అవ్వా, నిన్ను గట్టయ్య ఎత్తుకొచ్చినప్పుడు... నీకేమన్న యాదికున్నదా?”

ఆమె నవ్వింది. ఆ నవ్వుల సంతోషం లేదు. “పేరడిగితే చెప్పిన్నట. ఊరేదంటే ‘ఇంటికాడ’ అన్నట. మూడేండ్ల పోరికి ఊరి పేరు ఏమెరుక? అమ్మెవరు, అయ్యెవరు, కులమేంది, ఇంటిపేరేంది... జనం అడుగుతనే ఉన్నరు. చెప్పేదానికి నాకెరుకైతే గదా. లగ్గం సుత కాలే. తొవ్వల దొరికినదాన్ని ఎవలు చేసుకుంటరు బిడ్డా?”

ఆకు మీద పుల్ల గుచ్చుకుంట అన్నది — “ఆడపోరి బరువైందని పారేసిపోయిన్రు. అది నాకు చిన్నప్పుడే సమజైంది.”

వెంకట్రాజం పుస్తకం తెరిచిండు. చదివిండు. ఊరి మొదటి ఇంటి కాడికెల్లి షురూ చేసిండు. సారయ్య మగ్గం గుంట, కట్టమ్మ ముసలిది, బాయి... కొమురెల్లి ఇల్లు. కింద ఎడంగ రాసిన పేరు.

తర్వాత ఆ దీపం పట్టుకున్నామె చెప్పింది చెప్పినట్టు చెప్పిండు. నీళ్ళు పొయ్యడానికి వెనకకు పోయిన సంగతి. ‘నన్ను చూస్తే బండి ఆపరు’ అన్న మాట.

ఎవరు చెప్పిన్రని చిలుకమ్మ అడగలే. చేతిల విస్తరి ఒడిల పెట్టుకొని అట్లనే కూసున్నది. బుగ్గల మీద కన్నీళ్ళు కారుతానయ్, తుడుసుకుంటలేదు.

“నన్ను పారెయ్యలేదా?” అన్నది.

“లేదవ్వా.”

“పారెయ్యలే...”

లేసి నిలబడ్డది. “నన్ను తోల్కపొండ్రి.”

యాకయ్య వద్దని మొత్తుకున్నడు. పొద్దు వంగుతాంది, రేపు పొద్దుగాల పోదామన్నడు. ఆమె వినలే. ఆఖరుకు ఆయననే బండి కట్టిండు.

ఊరి బయట ఎడ్లు ఆగినయ్. ఇగ కదలయి. ముల్లుగర్ర పెట్టినా కదలలే. అక్కడికెల్లి నడిచిన్రు. వెంకట్రాజం చిలుకమ్మ చెయ్యి పట్టుకొని, నక్షల గీసిన తొవ్వ చూసుకుంట, బాయి తప్పించి, ఊరి చివరి ఇంటి కాడికి తీసుకపోయి గడప రాయి మీద కూసుండబెట్టిండు. ఆమె చేతులతోని గడపంత తడిమింది. గోడ తడిమింది. గోడకు మొఖం ఆనిచ్చింది.

“మీరు పొండ్రి. నేను జరసేపు కూసుంట.”

“చీకటి పడుతదవ్వా...”

“నాకు చీకటేంది, పగలేంది బిడ్డా?”

నలుగురూ బండికాడికి వచ్చి నిలబడ్డరు. రెండువందల గజాల దూరముంటదట. పొద్దు గూకింది. ఎడ్లు మేత ముట్టలే, చెవులు ఊరిదిక్కు పెట్టి నిలబడ్డయ్.

చీకటి చిక్కబడ్డది.

“పోయి తెద్దాం పా,” అన్నడు బావ. టార్చిలైటు పట్టుకొని ఆయన, వెంకట్రాజం కలిసి పోయిన్రు. బాయి కాడికి వచ్చేసరికి మాటలు వినపడ్డయ్. చిలుకమ్మ గొంతే. ముద్దు ముద్దుగ, ఆగి ఆగి... ఒకరితోని మాట్లాడితే ఎట్లుంటదో అట్ల. చెప్తాంది. ఆగుతాంది. వింటాంది. మల్ల చెప్తాంది.

రెండో గొంతు లేదు.

“అవ్వా,” అని పిలిచిండు వెంకట్రాజం. “పోదామా?”

మాటలు ఆగినయ్.

“లైటు బంద్‌జెయ్యి బిడ్డా,” అన్నది చిలుకమ్మ గోడల అవతలికెల్లి. గొంతుల ఏదో హాయి ఉన్నదట. “నువ్వు పో. ఫికర్ చెయ్యకు. నేనొస్త. తొవ్వ దాక తోలిస్త అంటాంది.”

“ఎవరు?” అని బావ అడగబోయిండు. వెంకట్రాజం ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టిండు.

వెనకకు వచ్చిన్రు. ఎట్ల వచ్చిన్రో బావకు ఇప్పటికీ యాదికి లేదు. బండికాడ నలుగురూ ఒకరి భుజం ఒకరు పట్టుకొని నిలబడ్డరు. యాకయ్య ఎల్లమ్మతల్లిని తలుసుకుంటాండు.

ఎంతసేపైందో... తూర్పున చంద్రుడు లేసిండు. తుమ్మల నడుమ బాట తెల్లగ కనపడ్డది.

ఆ బాట మీద చిలుకమ్మ వస్తాంది.

చేతిల కర్ర లేదు. ఎదురుంగ మనిషి నిలబడితే పోల్చుకోలేని ముసలామె, ముండ్లు, రాళ్ళు, బాయి దాటుకుంట వస్తాంది. తడబడుతలేదు. తడుముతలేదు. చిన్న చిన్న అడుగులేసుకుంట, నడుమ నడుమ రెండడుగులు ఉరుకుతాంది — పెద్దోళ్ళ నడక అందుకోనీకి పిల్లలు ఉరుకుతరు చూడు, అట్ల.

యాకయ్య ముందుకు పోబోయి ఆగిపోయిండు.

ఆమె కుడిచెయ్యి ఎత్తి ఉన్నది. తలకు మీదికి, నిటారుగ. పిడికిలి మూసి ఉన్నది... మూడేండ్ల పిల్ల, తల్లి వేలు పట్టుకొని నడిచినట్టు.